బోధిరాజా నమత్థు తే

యస్స మూలే నిసిన్నో వ సబ్బారి విజయం అకా
పత్తో సబ్బఞ్ఞుతం సత్థా వందే తం బోధిపాదపం

ఏ చెట్టు మొదలు దగ్గర కూర్చుని శాస్త, అంటే గురువైన బుద్ధుడు, శత్రువులందరినీ గెలిచి సర్వజ్ఞుడయ్యాడో, ఆ బోధివృక్షానికి వందనం. వైశాఖ పున్నమి నాడు రావిచెట్టు ముందు చదివే పాళీ గాథ ఇది. దీని తర్వాతి గాథలోనే అసలు మాట ఉంది: ‘లోకనాథేన పూజితా’. ఆ చెట్టును బుద్ధుడే పూజించాడట. ఎట్లా? జ్ఞానోదయమైన రెండో వారం ఏడు రోజులు రెప్ప వేయకుండా దాన్నే చూస్తూ నిలబడ్డాడని సంప్రదాయం. పసుపు లేదు, దారం లేదు, చెట్టును ముట్టుకున్నదీ లేదు.

మనం మాత్రం ‘మూలే’ అన్న మాట పట్టుకుని బిందెలన్నీ మొదట్లోనే గుమ్మరిస్తాం. పెద్ద రావికి నీళ్ళు తాగే సన్నవేర్లు అక్కడ తక్కువ. కొమ్మల నీడ అంచు దాకా, ఇంకా అవతలికీ పాకి ఉంటాయి. మొదలు ఎప్పుడూ తడిగా ఉంటే బెరడు కుళ్ళుతుంది. నీడ అంచున చుట్టూ జానెడు వెడల్పు, నాలుగు వేళ్ళ లోతు పాదు తీసి, పొద్దు వాలాక అందులో పోయాలి. అంతకన్నా లోతు తవ్వితే వేర్లు తెగుతాయి. నల్లగొండ ఎండలకు పాదులో ఎండుటాకులు పరిస్తే తడి నిలుస్తుంది.

పాలు పోస్తే పులిసి చీమలు చేరతాయి. ప్రమిదలు మొదలుకు ఆనిస్తే బెరడు కాలుతుంది, ఒలికిన నూనె మట్టిని బిగదీస్తుంది. నాలుగడుగుల దూరంలో రాయి మీద పెడితే దీపానికేం తక్కువ కాదు. నైలాన్ దారం మరీ చెడ్డది: కాండం లావెక్కే కొద్దీ బెరడులోకి కోసుకుపోతుంది. మొదలు చుట్టూ సిమెంటు గద్దె కడితే వేర్లకు గాలాడదు.

మర్రి కూడా బోధివృక్షమే. గౌతముడికి ముందటి బుద్ధుడైన కాశ్యపుడికి జ్ఞానోదయమైంది న్యగ్రోధం, అంటే మర్రి కిందేనని సంప్రదాయం. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి బౌద్ధ క్షేత్రం కాకపోయినా, మహావృక్షాన్ని ఎట్లా సాకాలో అక్కడ చూడొచ్చు. 2018లో చెద పట్టినప్పుడు కొమ్మలకు సెలైన్ సీసాలు కట్టి, చెదమందు చుక్కలు చుక్కలుగా ఎక్కించారు. బరువుకు వాలిన కొమ్మలకు దిమ్మెలు ఆనించారు. గాలిలో వేలాడే ఊడలను మట్టి నింపిన పైపుల్లోంచి నేలకు దించారు. ఊడ నేలను పట్టి లావెక్కితే, ఆ కొమ్మకు అదే స్తంభం.