పాత కారులో డిజిటల్ రేడియో: చిక్కంతా చార్జర్‌ది

ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో నేను నడుపుతున్న 2011 నాటి కారులో ఏఎం, ఎఫ్‌ఎం తప్ప వేరే రేడియో లేదు. ఆఫీసుకు వెళ్లే దారిలో నేను వినాలనుకునే బీబీసీ ఏషియన్ నెట్‌వర్క్ ఇక్కడ ఎఫ్‌ఎంలో రాదు, డ్యాబ్ అనే డిజిటల్ పద్ధతిలో వస్తుంది. అందుకని ఒక డ్యాబ్ అడాప్టర్ కొని, మెకానిక్ దగ్గరకు వెళ్లకుండా నేనే బిగించుకున్నాను.

అసలు పని యాంటెన్నా దగ్గరే ఉంది. ముందు అద్దానికి లోపలి వైపు నిలువుగా అతికించే పలుచటి ఫిల్మ్ అది. దాని చివరనున్న రాగి రేకు కారు బాడీ లోహానికి తగలాలి. బీబీసీ జాతీయ స్టేషన్లు 12బి చానల్లో, అంటే 225.648 మెగాహెర్ట్జ్‌లో ప్రసారమవుతాయి. ఆ తరంగం పొడవు సుమారు 133 సెంటీమీటర్లు, అందులో నాలుగో వంతు 33 సెంటీమీటర్లు. అంత చిన్న తీగ పనిచేయాలంటే కారు లోహం దానికి ఎర్త్‌గా తోడుండాలి. నేను మొదట రేకును రంగు మీదే అతికించి పొరపాటు చేశాను. తరువాత అద్దం పక్కనున్న ప్లాస్టిక్ కవరు జాగ్రత్తగా ఊడదీసి, రంగు లేని చోట అంటించాను. ఆ కవరు వెనక ఎయిర్‌బ్యాగ్ ఉంటే తీగ దాని ముందు నుంచి పోకూడదు.

ఆ తరువాత స్కాన్. డ్యాబ్‌లో ఒక్కో స్టేషన్‌కు ఒక్కో ఫ్రీక్వెన్సీ ఉండదు. పది, ఇరవై స్టేషన్లు ఒకే మల్టీప్లెక్స్‌లో కలిసి వస్తాయి (సినిమా హాళ్లు గుర్తుకు వస్తే ఆ తప్పు నాది కాదు). 12బిని చాలా టవర్లు ఒకే ఫ్రీక్వెన్సీలో పంపుతాయి కనుక, లండన్ వైపు వెళ్లినా జాతీయ స్టేషన్లను మళ్లీ వెతకనక్కరలేదు. స్థానిక స్టేషన్లకు మాత్రం మళ్లీ స్కాన్ చేయాలి.

అడాప్టర్ నుంచి కారు స్పీకర్లకు శబ్దం చేర్చడానికి దానిలోని చిన్న ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్ వాడవచ్చు. ఇక్కడి నిబంధనల ప్రకారం దాని శక్తి 50 నానోవాట్లు మించకూడదు, కాబట్టి అదే ఫ్రీక్వెన్సీలో బలమైన స్టేషన్ ఎదురైతే మన పాట వినబడదు. గ్లవ్‌బాక్స్ లోపల ఆక్స్ సాకెట్ (బయటి పరికరం శబ్దాన్ని తీగతో కారు స్టీరియోకు ఇచ్చే రంధ్రం) ఉందని మాన్యువల్ తిరగేశాకే తెలిసింది. తీగతో కలిపాక ఆ బాధ తీరింది.

ఇంత చేసినా, ఇంజిన్ స్టార్ట్ చేసిన కొద్దిసేపటికే అనౌన్సర్ నోట్లో నీళ్లు పోసుకుని పుక్కిలిస్తూ మాట్లాడుతున్నట్లు వినబడి, ఆ తరువాత పూర్తిగా మౌనం. ఎఫ్‌ఎంలా బరబరమంటూ అయినా వినబడడం డిజిటల్‌లో ఉండదు. సిగ్నల్‌లో దొర్లిన తప్పులను రిసీవర్ సరిదిద్దగలిగినంత వరకు స్వచ్ఛంగా వచ్చి, ఆపైన ఒక్కసారిగా తెగిపోతుంది. యాంటెన్నాను రెండుసార్లు ఊడదీసి అతికించాను. మూడోరోజు విసుగొచ్చి, కారు ఆపి ఉంచి, ఒక్కొక్క ప్లగ్గూ తీస్తూ సిగ్నల్ గీతలు చూశాను. డ్యాష్‌క్యామ్‌కు కరెంటిచ్చే చవక చార్జర్ తీయగానే ఒక్క గీత నాలుగయ్యాయి. చార్జర్ లోపల కరెంటును వేగంగా ఆపి వదులుతూ వోల్టేజీ తగ్గించే స్విచింగ్ సర్క్యూట్ రొద డ్యాబ్ బ్యాండ్ దాకా పాకుతోంది; పైగా దాని తీగ యాంటెన్నాను ఆనుకునే వెళ్తోంది.

తీగను అద్దానికి అవతలి వైపు మళ్లించి, చార్జర్ మార్చి, తీగకు అలాంటి రొదను అణిచే ఒక ఫెర్రైట్ క్లిప్ తగిలించాను. ఇప్పుడు దారిలో ఆఫీసు కింది పార్కింగ్‌లోకి దిగినప్పుడు తప్ప ఎక్కడా తెగడం లేదు.