చెవి లేని తాళాలు

మా పెద్దమ్మాయికి పదమూడు నిండిన వారంలోనే ఒకరోజు, నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి బల్ల మీద పాత తువ్వాలు పరిచి, దాని మీద తుప్పుపట్టిన తాళంకప్ప ఒకటి పెట్టుకుని కూర్చుంది. "ఎక్కడిదే ఇది?" అన్నాను. పక్కింటివాళ్ళు షెడ్డు సర్దుతూ చెత్తలో వేయబోతుంటే అడిగి తెచ్చుకుందట. చెవి ఎక్కడో పోయిందట, అందుకే పారేస్తున్నారట.

చెవి లేని తాళంతో ఇదేం చేసుకుంటుందన్న ఆలోచన నాకు కాసేపటికి గాని రాలేదు. "అడిగి తెచ్చుకున్నా" అన్న మాట దగ్గరే ఆగిపోయాను. పక్కవాళ్ళు పారేసేదాన్ని మనం అడగడమేమిటి? మనకేం తక్కువైందనుకుంటారు? చిన్నప్పుడు ఎవరింటికి వెళ్ళినా, ఏమిచ్చినా "వద్దండీ" అనడమే నాకు నేర్పిన మొదటి మర్యాద. ఆ మాటే దానికి చెబితే, "వాళ్ళకి చెత్త తగ్గింది కదమ్మా" అంది.

అసలు సంగతి తర్వాత చెప్పింది. తాళంచెవి లేకుండా, పగలగొట్టకుండా, సన్నటి ఉక్కు పుల్లలతో తాళం తీయడం నేర్చుకుంటోందట. దీన్ని లాక్‌పికింగ్ అంటారట, ఆటగా ఆడేవాళ్ళు లాక్‌స్పోర్ట్ అంటారట. జర్మనీలో 1997లోనే దీనికి సంఘం పెట్టుకున్నారని, పోటీలు కూడా జరుగుతాయని నాకు పాఠం చెప్పింది. నాకు మాత్రం తెలుగులో ఈ పని చేసేవాళ్ళకున్న పేర్లన్నీ వరసగా గుర్తొచ్చాయి. వాటిలో ఒక్కటీ కూతురికి తగిలించుకోదగ్గది కాదు.

ఆదివారం వీడియో కాల్లో మా నాన్నకి చెప్పక తప్పలేదు, ఎందుకంటే అదే చెప్పేసింది. ఆయన ఫిజిక్స్ లెక్చరరుగా రిటైరయ్యారు. "దొంగ చేతికి తాళాలిచ్చినట్టు అని సామెత. మీరు తాళాలు కూడా ఇవ్వకుండానే కానిచ్చేస్తున్నారన్నమాట" అన్నారు. అది తక్కువ తిన్నదా? అమెరికాలోని లాస్ ఆలమోస్‌లో అణుబాంబు పనిలో ఉన్నప్పుడు భౌతికశాస్త్రవేత్త ఫైన్‌మన్ తోటివాళ్ళ బీరువాల తాళాలు సరదాకి తీసేవాడని ఎక్కడో చదివి పెట్టుకుంది, తాతయ్య మీదికి ఆ అస్త్రం వదిలింది. ఆయన క్షణం కూడా ఆలోచించలేదు. "ఆయనకి 1965లో నోబెల్ వచ్చిందమ్మడూ, ఇక ఏం చేసినా చెల్లింది. నువ్వు ముందు అది తెచ్చుకో, తర్వాత బీరువాలు చూద్దాం."

మాటల దగ్గరా దానికి చిక్కే. మనకి తాళమూ తాళమే, తాళంచెవీ తాళమే. "తాళాలు ఎక్కడ పెట్టావ్?" అని నేనరిస్తే, అది తన తాళంకప్పల డబ్బా పట్టుకొచ్చేది, నేను కారు తాళాల కోసం ఇల్లంతా తిరిగేదాన్ని. తాళానికి చెవి ఎందుకుందని ఒకరోజు అడిగింది. నాకు జవాబు తెలియదు. నెలయ్యాక అదే చెప్పింది, అది చెవి పనేనట. లోపల పిన్ను కుదురుకున్నప్పుడు వచ్చే చిన్న 'టిక్' వేలికీ తెలుస్తుంది, చెవికీ తెలుస్తుంది. తాళం అంటే పాటలో దరువు కూడా అని నేను చెబితే, రెండు రోజులు దాన్నే జపించింది.

ఇంతకీ లోపల జరిగేది ఇదీ. మామూలు ఇంటి తలుపు తాళంలో నడుమ తిరిగే ఇత్తడి స్తంభం ఒకటి ఉంటుంది. దాన్ని తిరగనివ్వకుండా స్ప్రింగులు నొక్కిపట్టిన పిన్నులు ఐదో ఆరో ఉంటాయి. ఒక్కో పిన్నూ రెండు ముక్కలు. సరైన చెవి పెడితే ఆ ముక్కల మధ్య సందులన్నీ ఒకే గీత మీదికి వస్తాయి, స్తంభం తిరుగుతుంది. ఈజిప్టులో చెక్కతో ఇలాంటివి వేల ఏళ్ళ కిందటే చేశారు. అమెరికాలో లైనస్ యేల్ 1861లో దాన్ని చిన్న ఇత్తడి తాళంలోకి కుదించి పేటెంటు తీసుకున్నాడు. మన జేబులో ఉన్న తాళంచెవి దాదాపుగా ఆయనదే. చెవి లేకుండా ఇది ఎందుకు వస్తుందంటే, ఏ ఫ్యాక్టరీ అయినా ఆ పిన్నులు కూర్చునే రంధ్రాలను వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకే వరసలో వేయలేదు కాబట్టి. స్తంభాన్ని కొద్దిగా తిప్పి పట్టుకుంటే ఏదో ఒక పిన్ను ముందుగా బిగుస్తుంది. దాన్ని లేపి కుదిరిస్తే ఇంకోటి బిగుస్తుంది. బలం పనికిరాదు. నాలాంటి తొందర మనుషులకి ఇది అబ్బే విద్య కాదు.

ఆటకి రెండే నియమాలట. నీది కాని తాళాన్ని యజమాని ఒప్పుకోకుండా ముట్టుకోకూడదు. నీదే అయినా, వాడకంలో ఉన్న తాళాన్ని ముట్టుకోకూడదు. రెండోదాన్ని మా ఆయన నవ్వి కొట్టిపారేశారు. మన తలుపే కదా అని ఒక సాయంత్రం కూతురి దగ్గర పుల్ల తీసుకుని వీధి తలుపు మీద ప్రయత్నించారు. పుల్ల మొన లోపలే విరిగింది. ఆ చలిలో నలుగురం బయట నిలబడి తాళాల మనిషి కోసం ఎదురుచూశాం. ఆయన వచ్చి, సంగతి విని, మా ఆయన్ని కాకుండా పిల్లని చూసి నవ్వాడు. పాత సిలిండరు, అంటే చెవి దూర్చే తాళపు భాగం, విప్పి కొత్తది బిగించాక, ఆ విప్పినదాన్ని దాని చేతిలో పెట్టాడు. మా ఇంట్లో పాత తాళాల సేకరణ నిజంగా మొదలైంది ఆరోజే.

ఎందుకంటే ఈ విద్యకి ఒక తాళం చాలదు. అలవాటైన తాళం రెండు వారాల్లో చేతికి కంఠతా వచ్చేస్తుంది, ఆపైన దాన్ని తీయడం అభ్యాసం కాదు. కొత్తవి కొనడం దండగ. లోపల కనిపించేలా అద్దంలాంటి ప్లాస్టిక్కుతో చేసిన అభ్యాసపు తాళం ఒకటి మా ఆయన ప్రాయశ్చిత్తంగా కొనిచ్చారు. ఎలా పనిచేస్తుందో చూడడానికి బాగుంది గాని, చేతికి ఏమీ చెప్పదని రెండ్రోజుల్లో పక్కన పడేసింది. దానికి పాతవే కావాలి.

పాతవి దొరికే చోట్లు నాకిప్పుడు కంఠతా. అన్నిటికంటే మంచిది తాళాల మనిషి దుకాణం వెనకుండే బకెట్టు. తలుపులకి కొత్తవి వేసినప్పుడు విప్పిన పాత సిలిండర్లన్నీ అందులో పడేస్తారు, నిండాక ఇత్తడి తూకానికి అమ్మేస్తారు. ఆ తూకం లెక్కకే మనకీ ఇస్తారు, కొందరు ఊరికే ఇస్తారు. కాకపోతే వెళ్ళి అడగాలి. ఏ పిల్లో వచ్చి "మీ చెత్త తాళాలిస్తారా" అంటే ఎవరైనా అనుమానంగానే చూస్తారు, అందుకని పక్కన పెద్దవాళ్ళుండాలి. ఆ పెద్ద నేను. ఇన్నేళ్ళుగా ఈ దేశంలో ఉండి, దుకాణాల్లో ధర రాసిలేని వస్తువు ధర అడగడానికి కూడా మొహమాటపడి బయటికొచ్చేసే మనిషిని. మొదటిసారి వెళ్ళినప్పుడు లోపల వాక్యం తయారుచేసుకుని, కారులో రెండుసార్లు అప్పజెప్పుకుని వెళ్ళాను. తీరా నోరు తెరిచింది అదే. ఎందుకు కావాలో, ఏ నియమాలు పాటిస్తుందో, ఎలాంటివి కావాలో సూటిగా చెప్పింది. ఆయన బకెట్టే బల్ల మీద బోర్లించాడు. నేను పక్కన నిలబడి చేతిసంచీ సర్దుకున్నాను.

రెండోది, జిమ్ములు, సామాను అద్దెకు దాచుకునే గోదాములు. తాళంచెవి పోగొట్టుకున్నవాళ్ళ తాళాలకి అక్కడ కొక్కెం కోసేస్తారు. కొక్కెం తెగినా లోపలి భాగానికి ఏమీ కాదు, అభ్యాసానికి శుభ్రంగా పనికొస్తుంది. తెగిన అంచు మాత్రం బ్లేడులా ఉంటుంది, ముందు ఆకురాయితో అరగదీయాలి. నా బొటనవేలు సాక్షి. ఇళ్ళముందు పెట్టే పాతసామాను అమ్మకాల్లో చెవి లేని తాళాలు ఎవరూ కొనరు కాబట్టి డబ్బాతో సహా ఇచ్చేస్తారు. పాడైన ఆఫీసు బీరువాల సొరుగులకుండే చిన్న తాళాలు వేరే రకం, వాటిలో పిన్నులకు బదులు సన్నటి రేకులుంటాయి, కొత్తవాళ్ళకి సులువు. కూల్చే ఇళ్ళ తలుపుల్లోంచి తీసినవి అందంగా ఉంటాయి గాని, చాలావాటికి మూడు పొరల రంగు వేసేసి ఉంటుంది. ఇంటర్నెట్ వేలాల్లో కట్టగా అమ్మేవి కొని మేం మోసపోయాం, సగం లోపల తుప్పుతో బిగుసుకుపోయినవే.

పాతవాటితో ఇంకో చిక్కుంది. బాగా అరిగిపోయిన తాళం ఊరికే వచ్చేస్తుంది, పిల్లలు అది తమ ప్రతిభ అనుకుంటారు. మురికి పట్టినది ఎంతకీ రాదు, తమకే చేతకాదనుకుంటారు. అందుకే తెచ్చిన వెంటనే కడిగి, ఆరబెట్టి, వీలైతే విప్పి, రెండు పిన్నులు మాత్రం ఉంచి మొదలుపెట్టి ఒక్కొక్కటే పెంచుకుంటూ పోవాలి. విప్పేటప్పుడు స్తంభం బయటికి లాగుతూనే దాని వెనకే అంతే లావు గుండ్రటి కర్ర ఒకటి తోయాలి. లేకపోతే స్ప్రింగులన్నీ మినపగింజల్లా ఎగురుతాయి. ఆ తువ్వాలు ఎందుకో నాకు అప్పుడర్థమైంది. ఇప్పటికీ మా వాక్యూమ్ సంచిలో నెలకొకటైనా దొరుకుతుంది.

పనిముట్లు కూడా కొననక్కర్లేదట. రోడ్లు ఊడ్చే బండి బ్రష్షు నుంచి ఊడిపడిన ఉక్కు ఈనెలు, తీసేసిన కారు వైపర్లలోని లోహపు బద్దలు వంచుకుంటే సరిపోతాయట. ఒక మధ్యాహ్నం మా వీధి చివర కాలవగట్టున అది వంగి ఈనెలు ఏరుకుంటుంటే, ఎదురింటావిడ కిటికీలోంచి చూస్తోంది. నాకు భూమి చీలిపోతే బాగుండుననిపించింది.

మేమిద్దరం నిజంగా గొడవపడింది మాత్రం ఆ పుల్లల సంచి బడికి తీసుకెళ్ళే విషయంలో. స్నేహితురాలి అన్న జేబులో పెట్టుకుని తిరుగుతాడు, నేనెందుకు వద్దంటానని దాని ప్రశ్న. చట్టం చదివాం. దేశానికో తీరు. జపాన్లో సరైన కారణం లేకుండా ఇవి దగ్గరుంటేనే నేరమని 2003లో చట్టం చేశారు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1968 నాటి చట్టం ప్రకారం, దొంగతనానికి వాడే ఉద్దేశంతో ఇంటి బయట దగ్గర పెట్టుకుంటే నేరం. అమెరికాలో రాష్ట్రానికో లెక్క. మా దగ్గర తప్పేమీ లేదని తేలింది. "చూశావా" అంది. నేను ఒప్పుకోలేదు. ఉద్దేశం తేల్చేది చట్టం పుస్తకం కాదు, ఎదురుగా నిలబడ్డ మనిషి. ఆ అబ్బాయి జేబులో పుల్లలు చూస్తే "ఏమిటివి?" అని అడుగుతారు. నీ సంచిలో చూస్తే అడగడానికి ముందే ఏదో అనుకుంటారేమో. మన రంగు, మన పేరు సంగతి దానికి చెప్పాల్సి వస్తుందని తెలుసు గాని, ఒక తాళం వల్ల వస్తుందనుకోలేదు. "అది అన్యాయం కదా" అంది. అవును, అన్యాయమే అన్నాను. పుల్లలు మాత్రం ఇంట్లోనే ఉన్నాయి. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నేను సరిగ్గానే చేశాననుకుంటున్నాను, అప్పుడప్పుడు అనుమానం వస్తుంది.

మొన్నీమధ్య దాని పరీక్షలప్పుడు, కాస్త ఉత్సాహపరుద్దామని నేనొక్కదాన్నే తాళాల దుకాణానికి వెళ్ళాను. ఈసారి కారులో అప్పజెప్పుకోలేదు. అడిగాను, బరువైన మంచి సిలిండరు ఒకటి ఇచ్చాడు. గొప్పగా తెచ్చి బల్ల మీద పెట్టాను. ఆ రాత్రి అది విప్పి, పిన్నులు వరసగా పేర్చి, చాలాసేపు చూసింది. కొన్ని రంధ్రాల్లో రెండేసి ముక్కలు కాదు, మధ్యలో పల్చటి బిళ్ళ ఇంకోటి ఉంది.

"అమ్మా, ఇది మాస్టర్ కీ ఉన్న భవనంలోది. దీన్ని విప్పినవాళ్ళు లెక్కేసుకుంటే అక్కడి తలుపులన్నీ తీసే తాళంచెవి కొలతలు పట్టుకోవచ్చు. ఆ భవనం ఇంకా వాడుతున్నారేమో. ఎక్కడిదో అడిగావా?"

అడగలేదు.

"రేపు వెళ్ళి అడుగు. వాడుతుంటే తిరిగిచ్చెయ్."

మర్నాడు పొద్దున మళ్ళీ ఆ దుకాణం. సిలిండరు, దాని పిన్నులు, స్ప్రింగులు అన్నీ ఒక కవరులో వేసుకుని వెళ్ళాను. ఊరికే ఇచ్చినదాన్ని వెనక్కి తెచ్చి, ఇది ఏ ఇంటిదండీ అని ఆరా తీసే మనిషిని ఆయనెప్పుడూ చూసి ఉండడు. కవరు తెరిచి ఆ పల్చటి బిళ్ళలు అరచేతిలో పోసుకుని చూశాడు. పొరపాటు తనదేనని, ఇలాంటివి వేరే డబ్బాలో వేయాల్సిందని అన్నాడు. ఆ భవనం ఇంకా ఉందట. సిలిండరు తీసి లోపల పెట్టేశాడు. బకెట్టు ముందుకు జరిపి, దీనికి బదులు ఏది కావాలో ఏరుకోమన్నాడు. నేను కొంగు బిగించినట్టు కోటు చేతులు పైకి మడిచి, ఒక్కొక్కటే తీసి వెలుతురులో పెట్టి చూడడం మొదలుపెట్టాను.