దాగోను టోపీ, మిత్రుని రొట్టె

డిసెంబరు వస్తే చాలు, క్రిస్మస్ బైబిలులోని రాజు నిమ్రోదు పుట్టినరోజనీ, మరియమాత స్వరూపం అతని భార్య, బబులోను రాణి సెమిరామిస్‌దనీ, కతోలిక పీఠాధిపతుల (బిషప్పుల) పొడవాటి టోపీ ఫిలిష్తీయుల దేవత దాగోను చేపనోరనీ చెప్పే వీడియోలు తెలుగులోనూ తిరుగుతుంటాయి. ఈ వాదనలకు ప్రాచుర్యం తెచ్చినవాడు స్కాట్లాండ్ పాదిరి అలెగ్జాండర్ హిస్లాప్. 1853లో కరపత్రంగా వేసి, 1858లో పెద్ద గ్రంథంగా విస్తరించిన ‘ది టూ బాబిలాన్స్’లో ఆయన కతోలిక ఆచారాలను బబులోను రహస్య మతానికి ముడిపెట్టాడు.

ముడి ఎంత గట్టిదో టోపీ దగ్గరే తెలిసిపోతుంది. ముందూ వెనుకా రెండు కొనలతో నోరు తెరిచినట్టుండే ఆకారం 12వ శతాబ్దంలో గానీ రూపుదిద్దుకోలేదు. అంతకుముందు రోములో ఉన్నది మామూలు మొనదేలిన టోపీయే. అసిరియా శిల్పాల్లో చేపచర్మం కప్పుకొని కనిపించేవారు అప్కల్లు అనే జ్ఞానులే తప్ప దాగోను కాదు. ఇక సెమిరామిస్ పేరు బైబిలులో లేనే లేదు. గ్రీకు కథల్లో ఆమె భర్త నీనుస్. ఆ నీనుసే నిమ్రోదని కలిపేసుకుంటే తప్ప ఈ దాంపత్యం కుదరదు. హిస్లాప్ బాటలోనే 1966లో పుస్తకం రాసిన అమెరికా బోధకుడు రాల్ఫ్ వుడ్రో, ఆధారాలు వెతికాక దాన్ని ఉపసంహరించుకొని, 1997లో ఆ వాదనను ఖండిస్తూ మరో పుస్తకం రాశాడు. అంత నిజాయితీ అరుదు.

క్రైస్తవుల రొట్టె, ద్రాక్షారసాల సంస్కారం (దివ్యసత్ప్రసాదం) రోమన్లు రహస్య దీక్షలతో కొలిచిన మిత్ర దేవుని విందు నుండి వచ్చిందనే వాదన ఇంత తేలికగా కొట్టిపారేయదగినది కాదు. రోములోని సాన్ క్లెమెంతే చర్చి కింద 4వ శతాబ్దపు చర్చి, దాని కింద మిత్రుని గుహాలయం నేటికీ ఉన్నాయి. మిత్ర దీక్షలో రొట్టెనూ నీటి గిన్నెనూ ఉంచి మంత్రాలు చదువుతారనీ, దయ్యాలు క్రైస్తవుల సంస్కారాన్ని అనుకరించి అలా చేయించాయనీ 2వ శతాబ్దం నడుమ క్రైస్తవ రచయిత, వేదసాక్షి (విశ్వాసం కోసం ప్రాణమిచ్చినవాడు) జస్టిన్ రాశాడు. అంటే పోలికను మొదట పట్టినవారిలో క్రైస్తవులూ ఉన్నారు, కాకపోతే నేరం అవతలివారి మీద మోపారు! కాలక్రమం చూస్తే, ప్రభువు భోజనాన్ని గురించి పౌలు కొరింథీయులకు రాసినది క్రీ.శ. 50ల నడుమ, రోమన్ మిత్రారాధనకు స్పష్టమైన ఆనవాళ్లు ఆ శతాబ్దం చివరి నుండే దొరుకుతాయి. కనుక మిత్రుని విందు నుండి దివ్యసత్ప్రసాదం పుట్టిందనడానికి దారి కనబడదు.

నిజమైన అరువులు లేకపోలేదు, కాని అవి బాహాటంగా జరిగాయి. 601లో పోపు గ్రెగొరీ మతప్రచారానికి ఇంగ్లండు వెళుతున్న మెల్లితుస్‌కు రాసిన లేఖలో, అక్కడి అన్యదేవతల గుళ్లను కూల్చవద్దనీ, విగ్రహాలను తీసివేసి తీర్థం చల్లి చర్చిలుగా వాడుకోవాలనీ, దయ్యాలకు బలి ఇచ్చే పశువులను ఇకపై వేదసాక్షుల పండుగనాడు దేవుని పేర కోసుకొని తినమనాలనీ సూచించాడు. 609లో రోములోని పాంథియాన్ మరియమాత పేర చర్చి అయింది. మన విజయవాడ గుణదల మరియమాత ఉత్సవాల్లో భక్తులు కొబ్బరికాయలు కొట్టడం, తలనీలాలు ఇవ్వడం చూసినవారికి ఇది కొత్తగా తోచదు. ఆ మొక్కులు ఏ రహస్య దీక్ష నుండీ రాలేదు, చుట్టుపక్కల గుళ్ల అలవాటు నుండే వచ్చాయి.