మిల్వాకీలో ఊట

అనంతపురం పాతూరులో ఉన్న మా అమ్మకు ఆ కబురు ఎవరు మోశారో ఇప్పటికీ తేలలేదు. అమెరికాలోని మిల్వాకీలో తెల్లారకముందే షిఫ్టుకు బయలుదేరుతూ బూట్లు వేసుకుంటుంటే ఫోన్ మోగింది.

"నాయనా, సారాయి కాస్తాండావంట, నిజమేనా?"

"సారాయి కాదు మా, బీరు."

"ఏదైతే ఏముందిలే. పోలీసోళ్లు పట్టుకోని పోతే ఆడ నీకెవరుండారు?"

ఆమె భయం ఊరికే పుట్టింది కాదు. మా వైపు ఊట అంటే బెల్లం, తుమ్మచెక్క, దాన్ని పారబోయించే ఎక్సైజు వాళ్లు. 1995లో రాష్ట్రంలో మద్యనిషేధం వచ్చినప్పుడు నేను బడిపిల్లాణ్ణి. దొంగసారాయి కబుర్లు మా వీధి అరుగుల మీద రోజూ నడిచేవి. అమెరికాలో ఇంట్లో బీరు కాచుకోవడానికి 1978లోనే అప్పటి అధ్యక్షుడు కార్టర్ చట్టం మీద సంతకం పెట్టాడని, ఒక మనిషి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లుంటే 200 దాకా చేసుకోవచ్చని, అమ్మకం మాత్రం కూడదని వివరంగా చెప్పాను. ఆమె చెవికెక్కింది ఒక్క ముక్కే.

"అయితే అమ్మవు కదా?"

"అమ్మను మా."

"అట్లయితే సరే."

ఈ పిచ్చి ఎట్లా పట్టుకుందంటే, ఊరే అట్లాంటిది. జర్మనీ నుంచి వచ్చినవాళ్లు బీరు కంపెనీలతో పెంచిన ఊరు. ఇక్కడి బేస్‌బాల్ జట్టు పేరే బ్రూయర్స్. నేను పనిచేసేది గేర్లు తయారుచేసే ఫ్యాక్టరీలో, నాణ్యత చూసే విభాగం. లేతు మీద పనిచేసే ముసలాయన ఒకాయన రిటైరవుతూ తన పాత సరంజామా నా కారు డిక్కీలో పెట్టి వెళ్లిపోయాడు. లోపలి గ్యాసును బయటికి వదిలి బయటి గాలిని రానివ్వని గాలిబుర్ర మూతకు ఉన్న ప్లాస్టిక్ బకెట్, ఒక గొట్టం, సీసాలకు మూతలు నొక్కే పరికరం, ద్రవం ఎంత చిక్కగా ఉందో చూపే గాజు హైడ్రోమీటరు. చలికాలం నాలుగు నెలలు ఇంట్లోనే పడి ఉండే బ్రహ్మచారికి అంతకంటే ఏం కావాలి?

మొదటిసారి 19 లీటర్లు కాచాను. మొలకెత్తించిన బార్లీతో చేసే మాల్టు పాకం, చేదు కోసం హాప్స్ అనే పూలు వేసి గంటసేపు మరగబెట్టి, చల్లారడానికి గిన్నెను పెరట్లో మంచులో పెట్టాను. మంచులో పెడితే చిటికెలో చల్లారుతుందనుకుంటాం. గిన్నె వేడికి చుట్టూ మంచు కరిగి సందు ఏర్పడుతుంది, ఆ సందులోని గాలి దుప్పటి కప్పినట్టు వేడిని పట్టి ఉంచుతుంది. గంటన్నరైనా చెయ్యి పెట్టలేకపోయాను. ఇక ఓపిక లేక, గోరువెచ్చగా ఉండగానే పులియబెట్టే ఈస్టు చల్లేశాను. పాలు గోరువెచ్చగా ఉన్నప్పుడే కదా మనం తోడు పెట్టేది! అంతటితో ఊరుకున్నానా, జనవరి చలిలో పెరుగు గిన్నెకు అమ్మ తువ్వాలు చుట్టినట్టు, బకెట్‌కు బొంత చుట్టి హీటరు పక్కన పెట్టాను.

పెరుగుకు మంచిదైనది బీరుకు విషం. ఈ రకం ఈస్టుకు 18 డిగ్రీల దగ్గర హాయి. పైగా పులిసేటప్పుడు దానికదే వేడి పుట్టిస్తుంది, బయటి చల్లదనం కంటే లోపల మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. నేనేమో బొంత కప్పాను. మూడు వారాలకు సీసా తెరిస్తే మాగిన అరటిపండు, దాని వెనకే రంగుల డబ్బా వాసన. నా గదిలో ఉండే గుంటూరు అబ్బాయి ఒక గుక్క తాగి, "మావా, ఆసుపత్రి గుర్తొస్తోంది" అన్నాడు.

ఆ ఆసుపత్రి వాసన వేరే కథ. ఇక్కడ కుళాయి నీళ్లలో క్రిములు చావడానికి క్లోరమైన్ కలుపుతారు. మామూలు క్లోరిన్ అయితే మరగబెడితే పోతుంది, ఇది అంత తేలిగ్గా పోదు. పులిసేటప్పుడు పుట్టే పదార్థాలతో కలిసి బ్యాండేజీ వాసన పుట్టిస్తుంది. క్యాంప్‌డెన్ బిళ్ల అని దొరుకుతుంది, అరబిళ్ల నలిపి వేస్తే పని అయిపోతుంది. పైసల్లో ఖర్చు. నేనేమో అప్పటికే దాదాపు రెండు వందల డాలర్లు పోసి తళతళలాడే స్టీలు గిన్నె కొన్నాను, రుచి గిన్నెలో ఉందనుకుని. కొత్తగా మొదలుపెట్టినవాడి డబ్బు ముందు కంటికి కనిపించే వస్తువు మీదికే పోతుంది.

బకెట్ సంగతీ అంతే. సంగటి గిన్నె తోమినట్టు స్టీలు పీచుతో తోమాను. ఆ గీతల్లో దూరిన సూక్ష్మజీవులు మందుకు ఓ పట్టాన లొంగవు. మూడోసారి కాచింది పుల్లబడ్డాక బకెట్ పారేసి కొత్తది కొని, మెత్తటి గుడ్డతో తప్ప ముట్టుకోలేదు.

హైడ్రోమీటరు విషయంలో మాత్రం నిజంగా సిగ్గుపడ్డాను. ఫ్యాక్టరీలో మందం కొలిచే మైక్రోమీటరు సరిగ్గా చూపుతోందో లేదో పరీక్షించే క్యాలిబ్రేషన్ తేదీ దాటితే పక్కన పడేసేవాణ్ణి నేనే. ఇంట్లో ఆరు నెలలు ఆ గాజు గొట్టం ఏం చెబితే అదే నమ్మాను. ఒకరోజు ఊరికే 20 డిగ్రీల మంచినీళ్లలో వేసి చూస్తే, 1.000 చూపాల్సింది 1.004 చూపింది. అప్పటినుంచి ప్రతి లెక్కలోనూ నాలుగు తీసేస్తున్నాను. ఆ అంకె మూడు రోజులు కదలకుండా ఉంటేనే, అంటే పులవడం ఆగితేనే, సీసాల్లోకి పోయాలన్న నియమం కూడా దెబ్బ తిన్నాకే వంటబట్టింది. అంతకుముందు తొందరపడి, పులవడం పూర్తిగా ఆగకముందే చక్కెర కలిపి సీసాల్లో బిగించాను. అర్ధరాత్రి అల్మారాలో లోపల గ్యాసు ఎక్కువై ఒకటి పేలింది. గుంటూరు అబ్బాయి ఎవరో తుపాకీ పేల్చారనుకుని మంచం కింద దూరాడు. మిగతా సీసాలను దుప్పటి కప్పి, కళ్లద్దాలు పెట్టుకుని, ఒక్కొక్కటే మూత తీసి సింకులో పారబోశాను.

పది మీటర్ల రాగి గొట్టం కొని పెద్ద డబ్బాకు చుట్టి, సుడులు సుడులుగా చేసుకున్నాను. దాన్ని మరిగిన గిన్నెలో దించి, గొట్టం లోపల కుళాయి నీళ్లు పారిస్తే ఇరవై నిమిషాల్లో చల్లారిపోతుంది. నా కొనుగోళ్లలో సిగ్గుపడనక్కర్లేనిది ఇదొక్కటే.

జులైలో బేస్‌మెంటు 24 డిగ్రీలకు చేరింది. చల్లటి పెట్టె కొనే స్తోమత లేదు, అప్పుడే ఫ్యాక్టరీలో కాంట్రాక్టు వాళ్లను తగ్గిస్తున్నారని గుసగుసలు, వీసా మీదున్నవాడు ఫ్రిజ్ కొంటాడా? ఆ రాత్రి మా ఇంటి వరండాలో కుండ గుర్తొచ్చింది. ఎండాకాలం దాని చుట్టూ తడి గోనెసంచి కట్టి, గాలి తగిలేచోట పెట్టేవాళ్లం. బకెట్‌ను నీళ్ల తొట్టిలో దించి, నా పాత లుంగీ ఒకటి తడిపి చుట్టి, కొంగు నీళ్లలో మునిగేట్టు వదిలి, ఎదురుగా టేబులు ఫ్యాన్ పెట్టాను. షిఫ్టుకు పోయేముందు రెండు, వచ్చాక రెండు గడ్డకట్టిన నీళ్ల సీసాలు తొట్టిలో వేసేవాణ్ణి. బకెట్‌కు అంటించిన థర్మామీటరు పట్టీ 18 మీద ఆగింది.

ఆ విడత బీరు పెద్ద గొప్పదేం కాదు. కానీ గుంటూరు అబ్బాయి రెండో గ్లాసు అడిగాడు.

ఇప్పుడు ప్రతి ఆదివారం అమ్మే అడుగుతుంది. బీరు అనే మాట ఆమె నోట ఇప్పటికీ రాలేదు.

"ఊట ఎట్లుంది నాయనా?"

"పద్దెనిమిది మా."

"ఈడ నలభై రెండు," అంటుంది, వీపు మీద కొంగుతో విసురుకుంటూ.