పీట్ సీగర్ ఊళ్ళో టికెట్ లేని కచేరీలు

న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి, జానపద గాయకుడు పీట్ సీగర్ ఊరైన న్యూయార్క్ రాష్ట్రపు బీకన్‌కి, అక్కడి స్ట్రాబెర్రీ పండగకి వెళ్ళడానికి రెండు దారులు. కారైతే గార్డెన్ స్టేట్ పార్క్‌వే, ఐ-87, ఐ-84, చివర్లో న్యూబర్గ్ దగ్గర హడ్సన్ మీద వంతెన. ఆ వంతెన మీద టోల్ తూర్పుకి పోయేవాళ్ళ దగ్గరే, అంటే బీకన్ వెళ్ళేవాళ్ళ దగ్గరే వసూలు చేస్తారు. రైలైతే పెన్ స్టేషన్‌లో దిగి, సబ్‌వేలో గ్రాండ్ సెంట్రల్ చేరి, అక్కడ హడ్సన్ లైన్ పట్టుకోవాలి. మూడు బళ్ళు, మూడు టికెట్లు. ఉచితంగా వినే పాటకి ఇంత ఖర్చేమిటని సణుక్కుంటూనే రైలెక్కాను. పండగ జరిగే పార్కు స్టేషన్‌ని ఆనుకునే ఉంటుంది, జూన్ ఎండలో పార్కింగ్ కోసం చక్కర్లు కొట్టే పని తప్పుతుంది.

హడ్సన్ లైన్‌లో ఉత్తరానికి పోయేటప్పుడు ఎడమ వైపు కిటికీ దొరకాలి. నది అటే ఉంటుంది. ఆసినింగ్ దగ్గర రైలు సింగ్ సింగ్ జైలు గోడల మధ్యలోంచి పోతుంది. క్రోటన్-హార్మన్ దాటాక కరెంటు ఆగిపోతుంది, అక్కణ్ణుంచి డీజిల్. గ్యారిసన్‌కి ఎదురు గట్టున వెస్ట్ పాయింట్ సైనిక విద్యాలయం, ఆ తర్వాత నది మధ్య దీవిలో బ్యానర్‌మన్ కోట శిథిలం. కోట కనబడితే సంచీ సర్దుకోవచ్చు, బీకన్ వచ్చేసినట్టే.

మన స్కూళ్ళల్లో పాడించే ‘హమ్ హోంగే కామ్‌యాబ్’ పాటకి ఇంగ్లీషు మూలాన్ని దేశదేశాలు తిప్పినవాళ్ళలో ముందు చెప్పుకోవలసినవాడు పీట్ సీగర్. 1919లో పుట్టాడు. 1949లో భార్య తోషీతో కలిసి బీకన్ పక్కన కొండ మీద నేల కొని, దుంగలతో తనే ఇల్లు కట్టుకున్నాడు. 2014 జనవరిలో, 94 ఏళ్ళ వయసులో పోయేదాకా అదే ఊరు. కార్నెగీ హాల్లో పాడినా, 2009లో ఒబామా ప్రమాణ స్వీకార సంబరాల్లో లింకన్ మెమోరియల్ మెట్ల మీద పాడినా, ఊళ్ళో జరిగే పండగలకి మాత్రం బాంజో (గిటార్ లాంటి తీగల వాద్యం) భుజాన వేసుకుని వచ్చేసేవాడు. జూన్‌లో స్ట్రాబెర్రీ పండగ, ఆగస్టులో మొక్కజొన్న పండగ, అక్టోబరులో గుమ్మడి పండగ. మూడూ బీకన్ స్లూప్ క్లబ్ (స్లూప్ అంటే ఒంటి కొయ్య తెరచాప పడవ) అనే స్వచ్ఛంద బృందం నడిపేవే. ప్రవేశ రుసుము లేదు. మూడూ నది ఒడ్డునే.

ఆయన పాడుతున్న రోజుల్లో ఇక్కడికి మొదటిసారి వచ్చినవాళ్ళు ముందు తికమకపడేవారు. మన తెలుగు సంఘాల మహాసభల్లో సినిమా గాయకుడు రావాలంటే విమానం టికెట్లు, హోటలు, ముందు వరుస కుర్చీలకి వేరే ధర, పాటకి ముందు అరగంట సన్మానం. ఇక్కడ గాయకుడు ఎక్కడున్నాడో వెతుక్కోవాలి. అల్లిన టోపీ, జీన్స్ ప్యాంటు వేసుకున్న బక్కపలచని ముసలాయన గడ్డిలో చెత్త ఏరుతుంటే ఆయనే అని నమ్మడానికి టైం పట్టేది. పాడే వంతు వచ్చినప్పుడు అందరితోపాటే స్టేజీ ఎక్కేవాడు, రెండు మూడు పాటలు పాడి దిగిపోయేవాడు. ఇంత దూరం వచ్చి రెండు పాటలేనా అని గొణిగినవాళ్ళూ ఉన్నారు.

ఆ రెండు పాటల్లో జరిగే పని గమనించదగ్గది. చివరి పదిహేనేళ్ళలో ఆయన గొంతు దాదాపు పోయింది. పై స్థాయి అందేది కాదు, కింద జీర. అయినా పాట పడిపోయేది కాదు. ప్రతి చరణానికి ముందు, తాళం ఆపకుండానే, రాబోయే ముక్కని మామూలు మాటల్లా గబగబా అందించేవాడు. జనం దాన్ని పాడుతుండగానే తర్వాతి ముక్క. బుర్రకథలో కథకుడు వదిలిన చోట వంతలు అందుకున్నట్టే, కాకపోతే ఇక్కడ వంతలు కొన్ని వందలమంది. ఇందులో మెళకువంతా సమయంలో ఉంది. మాట ఒక దెబ్బ ఆలస్యమైతే జనం గొణుగుతారు, ముందే అందిస్తే అప్పుడు పాడుతున్న ముక్క మీద పడి రెండూ చెడతాయి. అందుకే మరీ వేగంగా నడిచే పాటలు ఈ పద్ధతికి కుదరవు.

రెండో సంగతి శ్రుతి. మామూలు అయిదు తీగల బాంజోకి 22 మెట్లు. సీగర్ వాడినది పొడుగు మెడది, 25 మెట్లు. ఆ మూడు మెట్లూ మొదట్లోనే చేరడంతో, తీగలు ఉత్తగా మీటితే పలికే శ్రుతి మూడు అర స్వరాలు కిందికి, జి నుంచి ఇ కి దిగుతుంది. మామూలు మనుషులు, గొంతు సాధన లేనివాళ్ళు, ఆ కింది శ్రుతిలోనే హాయిగా కలవగలరు. మామూలు శ్రుతి కావాలంటే మూడో మెట్టు మీద కేపో (తీగల్ని అక్కడ నొక్కి పట్టే బిగింపు) బిగిస్తే సరి. చిక్కంతా అయిదో తీగతో. అది పొట్టి తీగ, దాని బిరడా మెడ చివర ఉండదు, మెడ మధ్యలో పక్కగా పొడుచుకొచ్చి ఉంటుంది. కేపో దాన్ని పట్టుకోదు. దాన్ని విడిగా పెంచుకోవాలి, అందుకోసం కొందరు మెడ మీద చిన్న మేకులు కొట్టించి తీగని వాటి కిందికి తోస్తారు. మరిచిపోతే పాటంతా ఆ ఒక్క తీగే అపస్వరం పలుకుతుంది, బొటనవేలు ప్రతి వరసలోనూ దాన్నే మీటుతుంది కనక తప్పించుకోవడం కూడా కుదరదు. వేగా కంపెనీ ఈ పొడుగు మెడ బాంజోని ఆయన పేరుతోనే అమ్మింది. కొన్నవాళ్ళు పడే బాధ మరొకటి: మెడ బరువుకి బాంజో ఎడమకి వాలుతుంది. పట్టీ సరిగా లేకపోతే ఎడమ చేయి మెట్లు నొక్కడానికి బదులు మెడ మోయడానికే సరిపోతుంది.

నది ఒడ్డున తేమకి చర్మం బిగించిన పాత బాంజోలు సాయంత్రానికి వదులై బొంగురు పోతాయి. ఎండలో ఉక్కు తీగ సాగి శ్రుతి దిగుతుంది. ఈసారి స్టేజీ పక్కన ఒకాయన గుడారం నీడలో అరగంట ముందే బాంజో బయట పెట్టి, గాలికి అలవాటు పడ్డాకే బిరడాలు తిప్పాడు. అనుభవం ఉన్నవాడే. మైకులకి కరెంటు సౌర ఫలకాల నుంచి. మోత తక్కువ, వెనక కూర్చుంటే పాట కన్నా రైలు కూతే ఎక్కువ వినిపిస్తుంది. స్టేజీకి దగ్గరగా గడ్డిలోనే కూర్చోండి, కుర్చీలు మనవే తెచ్చుకోవాలి.

పొడుగాటి వరస మాత్రం స్ట్రాబెర్రీ షార్ట్‌కేక్ గుడారం దగ్గర. బిస్కెట్లు అక్కడికక్కడే కాలుస్తారు. ఇక్కడ బిస్కెట్ అంటే మన పార్లే కాదు, వెన్న కలిపిన మెత్తటి ఉప్పు రొట్టె. దాన్ని అడ్డంగా కోసి, నడుమ చక్కెరలో ఊరిన పళ్ళు, పైన గిలకొట్టిన మీగడ. తొడిమలు తీస్తున్న పెద్దావిడ ఒకరు కిటుకు చెప్పింది: చక్కెర కలిపి ఎక్కువసేపు ఉంచితే పళ్ళు నీరు కారిపోయి బిస్కెట్ ముద్దవుతుంది, అందుకని ఒక్కో గంపే కలుపుతూ ఉండాలి. ధర ఎక్కువే అనిపించింది. ఆ డబ్బులతోనే క్లబ్ చిన్న తెరచాప పడవ మరమ్మతులు నడుస్తాయంటే ఇక మాట్లాడలేదు. ఆ పడవ పేరు వుడీ గత్రీ. 1978లో సీగర్ కట్టించాడు. వేసవి సాయంత్రాల్లో దాని మీద ఉచితంగా తిప్పుతారు, ముందే పేరు రాయించుకోవాలి.

పెద్ద పడవ క్లియర్‌వాటర్ కథ వేరు. 106 అడుగులది, 1969లో మెయిన్ రాష్ట్రంలో నీళ్ళలోకి దించారు. నదిని శుభ్రం చేయించాలని సీగర్ కచేరీలు పెట్టి, చందాలు పోగుచేసి కట్టించింది. అప్పటి హడ్సన్ మురికి కాలువ. పైన హడ్సన్ ఫాల్స్, ఫోర్ట్ ఎడ్వర్డ్ కర్మాగారాల నుంచి 1977 దాకా పీసీబీలనే పారిశ్రామిక రసాయన విషాలు నదిలోకే. నది అడుగు మట్టి తోడే పని 2009 నుంచి 2015 దాకా సాగింది. ఇప్పటికీ హడ్సన్ చేప ఎంత తినొచ్చో ఆరోగ్య శాఖ హెచ్చరికలు చూసుకోవాల్సిందే. పార్కు అంచున నదిలోనే తేలే చిన్న ఈత కొలను ఉంది, 20 అడుగుల వ్యాసం, అడుగున వల. ఆ ఆలోచన సీగర్‌దే, 2007లో తెరిచారు. జులైలో గానీ మొదలవదు కాబట్టి జూన్‌లో వెళ్ళేవాళ్ళు ఆశ పెట్టుకోవద్దు.

ఈ ఊరు ఆయన్ని మొదటి నుంచీ నెత్తిన పెట్టుకుందనుకుంటే పొరపాటు. 1955లో అమెరికన్ పార్లమెంటు కమిటీ ముందు తన కమ్యూనిస్టు సంబంధాల గురించి జవాబు చెప్పనన్నందుకు 1961లో ఏడాది జైలు శిక్ష పడింది, 1962లో అప్పీలు కోర్టు కొట్టేసింది. జాతీయ టీవీల తలుపులు 1967 దాకా మూసే ఉన్నాయి. ఆ రోజుల్లో ఊరి హైస్కూల్లో ఆయన పాట పెడతామంటే అభ్యంతరం చెప్పినవాళ్ళు ఊళ్ళోవాళ్ళే. అదే ఊరి బడి నాలుగో తరగతి పిల్లలతో కలిసి చేసిన ఆల్బమ్‌కి 2011లో గ్రామీ వచ్చింది. పార్కుకి ఇప్పుడు పీట్, తోషీ ఇద్దరి పేర్లూ ఉన్నాయి. తోషీ పేరు ఉండటం న్యాయం. ఆయన పాడితే, సభల లెక్కలు, వంటలు, మనుషుల్ని సర్దడం ఆవిడ చూసుకునేది.

మెయిన్ స్ట్రీట్‌కి ఎక్కితే మూడ్ పాడైంది. టోపీల ఫ్యాక్టరీలు మూతపడి వెలవెలబోయిన ఊరు, 2003లో డియా కళా ప్రదర్శనశాల వచ్చాక న్యూయార్క్ వాళ్ళ వారాంతపు విడిదిలా తయారైంది. కాఫీ ధర మన్‌హటన్‌తో పోటీ. కిందికి దిగొచ్చి మళ్ళీ గడ్డిలోనే కూర్చున్నాను.

పండగ రోజు రద్దీ పడనివాళ్ళకి మొదటి శుక్రవారం మేలు. క్లబ్ చిన్న చెక్క ఇంట్లో నెల నెలా సాయంత్రం సమావేశం, దానికి ముందు తలా ఒక వంటకం తెచ్చే భోజనం, చివర్లో అందరూ చుట్టూ కూర్చుని పాటలు. వేళలు మారుతుంటాయి, బయల్దేరే ముందు కనుక్కోండి. తిరుగు రైలు గంటకొకటే, ఒకటి తప్పితే ప్లాట్‌ఫారం మీద చలిగాలికి కూర్చోవాలి. పాట రాకపోయినా ఫర్వాలేదు, ముక్క ముందే అందిస్తారు. పులిహోర బాగా చెల్లుతుంది, చల్లారినా పాడవదు. కాకపోతే గిన్నె మీద ‘పల్లీలు ఉన్నాయి’ అని ఇంగ్లీషులో చీటీ అంటించి పెట్టండి, పల్లీలు పడనివాళ్ళు ఆ బల్ల దగ్గర ఎవరో ఒకరు ఉంటారు.