అప్లై నొక్కే ముందు నా ఛానెల్‌లో నేను సరిచేసుకున్నవి

మొన్న నా యూట్యూబ్ ఛానెల్‌కి మానిటైజేషన్, అంటే వీడియోల మీద డబ్బు సంపాదించుకునే అనుమతి, వచ్చింది. ఇది రెండోసారి అప్లై చేస్తే వచ్చింది. మొదటిసారి "రీయూజ్డ్ కంటెంట్" అని తిప్పి పంపారు, అంటే వేరేచోట ఉన్న వీడియోనే తెచ్చి మళ్లీ పెట్టారని. ఆ మెయిల్ చదివాక రాత్రంతా నిద్ర లేదు. గ్రహాల గురించి, నక్షత్రాల గురించి చెప్పే ఛానెల్ అది, ఒక్కో వీడియోకి వారం పాటు చదివి, రాసుకుని, నా గొంతుతో చెప్పాను, మరి నాది కాకుండా ఎలా పోయింది అని ఒకటే బాధ. నాలుగు రోజులయ్యాక నా ఛానెల్‌ని నేనెవరో తెలియని మనిషిలా తెరిచి చూస్తే అప్పుడు అర్థమైంది. తప్పు నాదే.

ఆ సంగతికి వస్తాను, ముందు అంకెలు చూద్దాం, ఎందుకంటే వీటిలోనే చాలామంది తడబడుతున్నారు. యూట్యూబ్‌లో యాడ్స్ డబ్బులు రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, దాంతోపాటు గడిచిన 365 రోజుల్లో 4,000 గంటల వాచ్ టైమ్, అంటే జనం మీ వీడియోలు చూసిన మొత్తం సమయం, కావాలి. వాచ్ టైమ్ బదులు 90 రోజుల్లో షార్ట్స్‌కి (నిలువుగా ఉండే పొట్టి వీడియోలకి) కోటి వ్యూస్ వచ్చినా సరే. 2017లో మొత్తం 10,000 వ్యూస్ ఉంటే చాలన్నారు, 2018 జనవరిలో దాన్ని మార్చి ఈ వెయ్యి, నాలుగు వేల లెక్క ప్రకటించారు.

నాలుగు వేల గంటలంటే 2,40,000 నిమిషాలు. ఒక్కో వ్యూకి సగటున నాలుగు నిమిషాలు చూస్తే 60,000 వ్యూస్ చాలు, రెండు నిమిషాలకే వెళ్లిపోతే 1,20,000 కావాలి. ఈ లెక్క వేసుకున్నాక నేను వ్యూస్ అంకె చూడటం మానేశాను. ఎక్కడ వదిలేసి వెళ్లిపోతున్నారో అనలిటిక్స్‌లో గీత కనిపిస్తుంది కదా, ప్రతి వీడియోకి అదే చూశాను. నా వీడియోల్లో మొదటి నలభై సెకన్లు నమస్కారాలు, లోగో, సబ్‌స్క్రైబ్ చేయమని అడగటం ఉండేవి, అక్కడే సగం మంది పోయేవాళ్లు. అది తీసేసి నేరుగా విషయంలోకి వెళ్లాక వచ్చిన తేడా ఇంకే చిట్కాతోనూ రాలేదు.

ఇంకో సంగతి, ఈ 365 రోజులు క్యాలెండర్ సంవత్సరం కాదు, రోజూ ముందుకు జరుగుతూ ఉంటాయి. పోయిన ఏడాది ఇదే రోజున వచ్చిన గంటలు రేపటికి లెక్కలోంచి పోతాయి. అందుకే ఒక వీడియో బాగా ఆడి తర్వాత ఛానెల్ చల్లబడితే అంకె పెరగకపోగా తగ్గుతుంది, అది చూసి టెన్షన్ పడి ఏదో పొరపాటు జరిగిందనుకుంటారు, పొరపాటేం కాదు. షార్ట్స్ ఫీడ్‌లో చూసిన సమయం ఈ 4,000లోకి రాదు. ప్రైవేట్, అన్‌లిస్టెడ్ (లింక్ ఉన్నవాళ్లకే కనిపించేవి), డిలీట్ చేసిన వీడియోల గంటలు కూడా రావు, డబ్బు కట్టి యాడ్‌గా నడిపించి తెచ్చుకున్న వ్యూస్ కూడా రావు.

500 మందికే మానిటైజేషన్ అని వినే ఉంటారు. అది 2023లో వచ్చిన మొదటి మెట్టు. 500 మంది సబ్‌స్క్రైబర్లు, 90 రోజుల్లో 3 పబ్లిక్ వీడియోలు, 3,000 గంటలు లేదా షార్ట్స్‌కి 30 లక్షల వ్యూస్ ఉంటే మెంబర్‌షిప్, సూపర్ థాంక్స్ లాంటివి, అంటే చూసేవాళ్లే నేరుగా మనకి డబ్బు ఇచ్చే దారులు, తెరుచుకుంటాయి. యాడ్స్ డబ్బు మాత్రం అందులో లేదు.

ఇక నా తప్పు దగ్గరికి వస్తాను.

మొదట్లో నాకు మైకు ముందు మాట్లాడాలంటే భయం. అందుకని మొదటి ఎనిమిది వీడియోలకి నాసా వాళ్ల క్లిప్పులు తీసుకుని, వెనక మ్యూజిక్ పెట్టి, తెర మీద రెండు మూడు లైన్ల అక్షరాలు వేసి వదిలాను. నాసా వీడియోలు చాలావరకు ఎవరైనా వాడుకోవచ్చు, కాపీరైట్ గొడవ ఉండదు, ఆ ధీమాతోనే పెట్టాను. కానీ కాపీరైట్ వేరు, రీయూజ్డ్ కంటెంట్ వేరు. వాడుకునే హక్కు ఉన్నా సరే, రాతపూర్వకంగా అనుమతి ఉన్నా సరే, అందులో మీరు కలిపింది ఏమీ కనిపించకపోతే మానిటైజేషన్ ఇవ్వరు. ఈ ఒక్క వాక్యం నాకు ఏడాది ముందు ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేదో, అందుకే ఈ పోస్టు రాస్తున్నాను.

రివ్యూ చేసేవాళ్లు అన్ని వీడియోలూ చూడరు. ఛానెల్ ప్రధానంగా దేని గురించి, ఎక్కువ వ్యూస్ ఉన్నవేవి, కొత్తవేవి, వాచ్ టైమ్‌లో ఎక్కువ భాగం తెచ్చినవేవి, టైటిళ్లు, థంబ్‌నెయిళ్లు, డిస్క్రిప్షన్లు, ఛానెల్ పరిచయం ఉండే అబౌట్‌లో రాసుకున్నది, ఇవి చూస్తారు. నాకు ఉన్నవి 4,300 గంటలు, అందులో 1,900 గంటలు ఆ మాటల్లేని వీడియోల్లో ఒక్కదానివే! అంటే నన్ను అర్హత దాకా తీసుకొచ్చిన వీడియోనే, వాళ్ల ముందు నేను అసలు లేనని చూపించింది.

మొదటిసారి తిరస్కరిస్తే 30 రోజులాగి మళ్లీ అప్లై చేయొచ్చు, ఆ తర్వాతి నుంచి 90 రోజులు ఆగాలి. నిర్ణయం తప్పనిపిస్తే 21 రోజుల్లోపు అప్పీల్ కూడా ఉంది. నాది అప్పీల్ చేసేంత బలమైన కేసు కాదు. ఆ ఎనిమిదీ తీసేస్తే గంటలు 2,000 దగ్గరికి పడిపోతాయి, ఉంచితే మళ్లీ అదే జవాబు వస్తుంది. రెండు రోజులు ఆలోచించి తీసేశాను. చెయ్యి వణికింది, నిజంగా. అదే విషయాల మీద మళ్లీ కొత్తగా చేశాను, ఈసారి క్లిప్పు ఆపి, బొమ్మ గీసి, ఈ మచ్చ ఏంటి, ఇది ఎందుకు ఇలా తిరుగుతోంది అని చెబుతూ. మధ్యలో నా ముఖం కూడా కనిపిస్తుంది. ముఖం తప్పనిసరి అని రూలేమీ లేదు, గొంతు, వివరణ, సొంత ఎడిటింగ్ ఉన్నా సరిపోతుంది, కానీ నాకు ఆ ధైర్యం కూడా కావాలనిపించింది. అబౌట్‌లో స్క్రిప్టు, రికార్డింగ్, ఎడిటింగ్ అన్నీ నేనే చేస్తానని నాలుగు వాక్యాలు రాశాను. మళ్లీ 4,000 చేరడానికి ఏడు నెలలు పట్టింది.

నువ్వు నాకు చెయ్యి, నేను నీకు చేస్తా అనే సబ్‌స్క్రైబర్ల మార్పిడి జోలికి వెళ్లకండి. అది ఫేక్ ఎంగేజ్‌మెంట్ పాలసీకి విరుద్ధం, పైగా వాళ్లు మీ వీడియో చూడరు. కాపీరైట్ క్లెయిమ్ రాగానే కంగారు పడకండి, క్లెయిమ్ (ఈ ముక్క మాది అని హక్కుదారు చెప్పడం) వేరు, స్ట్రైక్ (ఛానెల్ మీద పడే శిక్ష) వేరు, క్లెయిమ్ మామూలుగా ఆ వీడియో వరకే ఉంటుంది. కమ్యూనిటీ గైడ్‌లైన్స్ స్ట్రైక్ మాత్రం ఒక్కటి నడుస్తున్నా అప్లై చేయలేరు, అది 90 రోజులకి పోతుంది. టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్‌తో పాటు లాగిన్‌కి రెండో తనిఖీ) ముందే ఆన్ చేసి పెట్టుకోండి. యాడ్స్ డబ్బు చేరే గూగుల్ యాడ్‌సెన్స్ ఖాతా మీ పేరున ఇప్పటికే ఉంటే కొత్తది తెరవకండి, పాతదాన్నే కలపండి, ఒకే మనిషికి రెండు ఖాతాలుంటే చిక్కు వస్తుంది. పేరు, చిరునామా మీ గుర్తింపు కార్డులో ఎలా ఉంటే అలాగే రాయండి.

రివ్యూకి మామూలుగా ఒక నెల అంటారు. ఆ నెలలో వీడియోలు ఆపకండి, కొత్తవి కూడా చూస్తారు కాబట్టి. వచ్చాక మామూలు వీడియోల మీద యాడ్ ఆదాయంలో 55 శాతం మనకి, షార్ట్స్‌లో అయితే మన వాటాగా లెక్కగట్టిన దాంట్లో 45 శాతం. ఎనిమిది నిమిషాలు, అంతకన్నా పొడవున్న వీడియోల మధ్యలో కూడా యాడ్స్ పెట్టుకోవచ్చు, అలాగని ఐదు నిమిషాల విషయాన్ని సాగదీస్తే పైన చెప్పిన ఆ గీతలో మళ్లీ అందరూ జారిపోతారు.

ఖాతాలో 10 డాలర్లు చేరితే చిరునామా సరిచూడటానికి పోస్టులో పిన్ పంపిస్తారు, 100 డాలర్లు దాటితే డబ్బు బ్యాంకుకి వస్తుంది. నా ఖాతా ఇంకా ఆ మొదటి పదికి చేరలేదు. శని వలయాల వీడియో సగం రికార్డయి ఉంది, ఈ వారం దాన్ని పూర్తి చేయాలి.