పృచ్ఛకుల వరసలో పిల్లలు కూర్చోవాలి

మన తెలుగు ఎమ్మే బ్యాచ్ సమ్మేళనం సంచికకి ఏదైనా రాసివ్వమని గూడూరు ఫోన్ చేశాడు (మన క్లాసులో ఊళ్ల పేర్లూ మారుపేర్లే పిలుపులు కదా). కమిటీ కార్యదర్శి హోదాలో చేశాడు కాబట్టి మొదట “మీరు” అన్నాడు. రెండు నిమిషాలు తిరక్కుండానే “ఏమే హోసూరూ” దగ్గరికి వచ్చేశాడు. ఆ పిలుపు విన్నాక ఇక కాదనడానికి ఏముంది? కార్యక్రమాల చిట్టా కూడా వాట్సాప్‌లో పంపాడు. సంక్రాంతి వెళ్లాక రెండు రోజులు. మొదటిరోజు ఉదయం తాళపత్రాల మీద సదస్సు, పరిశోధక విద్యార్థుల పత్రాలు, మధ్యాహ్నం అష్టావధానం, సాయంత్రం కచేరీ. రెండోరోజు పూర్తిగా మన కబుర్లకీ, ఫొటోలకీ, భోజనాలకీ. మన పాత కథల్లో బూస్ట్ డబ్బా కేసు మీద మన తాళపత్రం (మనిషే, ఆకు కాదు) రాస్తున్నాడట, కాబట్టి దాన్ని నేను ముట్టుకోను. రసం కథ కుప్పం జంటకే, పెద్దదానికీ చిన్నదానికీ, వదిలేస్తున్నాను.

మనం 1995లో మద్రాసు వచ్చి చేరాం, 1997లో చెన్నై నుంచి పట్టాలు పట్టుకుని వెళ్లాం. 1857లో పెట్టిన మద్రాసు విశ్వవిద్యాలయం, కోరాడ రామకృష్ణయ్య గారూ నిడుదవోలు వెంకటరావు గారూ పనిచేసిన తెలుగు శాఖ, రోడ్డు దాటితే మెరీనా. హోసూరు పక్క పల్లెటూరి నుంచి వచ్చినదానికి ఇంతకన్నా ఏం కావాలి? క్లాసులు బాగానే జరిగాయి, సెమిస్టర్ల టెన్షన్ అందరికీ ఉన్నదే. వాటి గురించి రాయడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు. నాకు ఆ రెండేళ్లంటే 1996 డిసెంబరులో జరిగిన అవధానమే.

ఆ అవధానానికి అలవాటు ప్రకారం పృచ్ఛకుల, అంటే అవధానిని ప్రశ్నలడిగే ఎనిమిది మంది పేర్లు ముందే తయారయ్యాయి. ఒక రిటైరైన ప్రిన్సిపాల్ గారు, పత్రికల వాళ్లు ఇద్దరు, ఇంకా ఊళ్లో పేరున్న పెద్దలు. మనకి పాఠం చెప్పే దండకం మాస్టారు ఆ కాగితం చదివి, మడిచి జేబులో పెట్టుకుని, “ఎనిమిది మందీ మన పిల్లలే కూర్చుంటారు” అన్నారు. అంత పెద్ద అవధాని ముందు విద్యార్థులేమిటి, ఆయన్ని అవమానించినట్టు కాదా అని గట్టిగానే అభ్యంతరం చెప్పారు కొందరు. మాస్టారు ఎవరితోనూ వాదించలేదు. ఆదివారం నెల్లూరు బస్సెక్కి, అవధాని గారి ఇంటికి వెళ్లి, ఆయన్నే అడిగి ఒప్పించుకుని రాత్రికి తిరిగొచ్చారు.

పంపకాలు గుర్తున్నాయి కదా? నిషిద్ధాక్షరి, అంటే అవధాని తర్వాత వాడబోయే అక్షరాన్ని వద్దంటూ ఆపడం, తాళపత్రానికి. సమస్య, వర్ణన కుప్పం జంటకి. ఆశువు రాయపురానికి. అప్రస్తుత ప్రసంగం అరక్కోణానికి తప్ప ఇంకెవరికిస్తారు! పురాణ పఠనం మౌనస్వామికి ఇచ్చినప్పుడు క్లాసు క్లాసంతా చప్పట్లు కొట్టింది. మధ్యమధ్య కొట్టే గంట గూడూరు చేతికి, ఎన్ని కొట్టాడో అవధాని చివర్లో చెప్పాలి. ఇచ్చిన నాలుగు మాటలూ వచ్చేలా పద్యం చెప్పించే దత్తపది నాకు.

అప్పటి నుంచి సాయంత్రమైతే రోడ్డు దాటి ఇసుకలో కూర్చోవడమే. మాస్టారే అవధాని, మేం పృచ్ఛకులం. ఆయన “శ్రీ” అనగానే తాళపత్రం “మ వద్దు” అనేవాడు. “శ్రీమంతుణ్ణి ఆపావు, సరే. నేను శ్రీకరుణ్ణి పిలుస్తాను, శ్రీరాముణ్ణి పిలుస్తాను. నేను ఎటు వెళ్లబోతున్నానో నాకంటే ముందు నీకు తెలియాలి, అప్పుడు ఆపు” అనేవారు మాస్టారు. ఛందస్సు పుస్తకంలో చదివినదంతా ఒంటికి పట్టింది ఆ ఇసుకలోనే. గణాలు వేళ్ల మీద లెక్కపెట్టడం మానేసి చెవితో పట్టుకోవడం మొదలుపెట్టాం. సుండల్ గుగ్గిళ్లు అమ్మే తాత కూడా మా దగ్గరికొచ్చి కాసేపు నిలబడి వినేవాడు.

నా దత్తపదికి మొదట ఇడ్లీ, దోసె, వడ, పూరీ ఇద్దామనుకున్నాం. “ఇవి అవధానులందరూ అరగదీసేసిన మాటలు. నువ్వు రోజూ కళ్లతో చూసే మాటలు తీసుకురా” అన్నారు మాస్టారు. ఆ వారమంతా నేను బస్సు బోర్డులూ రైల్వే స్టేషన్ బోర్డులూ చదువుకుంటూ తిరిగాను. చివరికి నాలుగు మాటలు తేలాయి: చేపాకు, ఆవడి, పల్లవరం, తరమణి. వీటితో సుందరకాండ చెప్పమని అడగాలి.

మాస్టారు ఎగిరి గంతేస్తారనుకున్నాను. ఆయన మాత్రం, “వీటిని విరిచే దారి నీకు తెలుసా?” అని అడిగారు. పృచ్ఛకురాలికి కనీసం ఒక్క దారైనా తెలిసి ఉండాలనీ, దారి లేని మాట ఇస్తే అది ప్రశ్న కాదు మొండితనమనీ ఆయన సిద్ధాంతం. సరే, ఇసుకలో కూర్చుని విరవడం మొదలుపెట్టాం. ‘ఆవడి’ వెంటనే పడింది: ఆ వడి, హనుమంతుడి వేగం. ‘పల్లవరం’ దగ్గర కుప్పం చిన్నది “పల్లవ రంజిత” అంది, అశోకవనం కళ్లముందు నిలబడింది. ‘తరమణి’కి ఒక పూట పట్టింది. ‘భాసురతర మణి’ అని మౌనస్వామి అనేసరికి సీతమ్మ చూడామణి చేతికొచ్చినట్టే అయింది. మిగిలింది చేపాకు. అందరం “వాలముచే పాకు మంటలు” అని ఒకటే గోల. మాస్టారు తల అడ్డంగా ఊపారు. “చే ద్రుతాంతం, చివర నకారముంది. దాని పక్కన పరుషం సరళం కావాలి, ప కాస్తా బ కావాలి. చేఁబాకు అవుతుంది, నీ చేపాకు ఎక్కడుంది? చిన్నయ సూరి పక్క కాలేజీలోనే పాఠం చెప్పాడు, వినపడితే బాధపడతాడు” అన్నారు. 1858 నాటి బాలవ్యాకరణం మాకు పరీక్ష పుస్తకం కాకుండా పోయిన రోజు అది. ఇంకో దారి ఉందనీ, తనకి తెలుసనీ అన్నారు. ఎంత అడిగినా చెప్పలేదు.

అవధానం రోజు పొద్దున్నుంచీ వాన. ట్రిప్లికేన్ వీధులు మోకాళ్ల లోతు. మధ్యాహ్నానికి కరెంటు పోయింది, మైకు మూగబోయింది. జనం వెనక్కి వెళ్లిపోతారేమో అని గూడూరు ఒకటే కంగారు. ఎవరూ వెళ్లలేదు. కుర్చీలన్నీ ముందుకు లాక్కుని అవధాని గారి చుట్టూ చేరారు. ఆయనకీ మాకూ మధ్య రెండు అడుగుల దూరం కూడా లేదు. ఆలోచించేటప్పుడు ఆయన ఎడమచేతి బొటనవేలు మిగిలిన వేళ్ల కణుపుల మీద ఎంత వేగంగా తిరిగేదో నాకు స్పష్టంగా కనిపించింది. ఉత్తరీయం కొస తడిసి, నేల మీద నీళ్లు కారుతున్నా ఆయన పట్టించుకోలేదు.

నా వంతు వచ్చింది. నాలుగు మాటలూ చెప్పాను. సభలో నవ్వులు. అవధాని గారు నవ్వలేదు. “చేపాకు” అని మెల్లగా ఒకసారి అనుకున్నారు, మాస్టారి వైపు చూశారు. మాస్టారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. గూడూరు సరిగ్గా అప్పుడే గంట కొట్టాడు. అవధాని గారు నావైపు తిరిగి మొదటి పాదం చెప్పారు. హనుమంతుడు మహేంద్రగిరి మీంచి లంఘించాడు, కడలి కలగింది, అందులో “చేపాకులపడె”. చేప, ఆకులపడె! చేప కలవరపడింది! చింత, ఆకు కలిసి చింతాకు అయినంత సులువుగా సంధి కలిసిపోయింది. ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత కుప్పం పెద్దది “ఆహా” అని అరిచింది, హాలంతా అందుకుంది. తక్కిన మూడు ఆవృత్తుల్లో, అంటే మూడు చుట్లలో, ఆవడీ, పల్లవరమూ, తరమణీ వరసగా వచ్చాయి. తరమణిని మాత్రం మేం ఇసుకలో విరిచినట్టే విరిచారు ఆయన, ఆ మాటతో నాకు కలిగిన గర్వం ఇప్పటికీ తగ్గలేదు.

ధారణలో, అంటే పద్యాలన్నీ చివర్లో తిరిగి అప్పజెప్పేటప్పుడు, ఒక్క అక్షరం పోలేదు. గంటలు ఎన్నో చెప్పినప్పుడు గూడూరు తన అరచేతిలో సిరా గీతలు లెక్కపెట్టుకుని, నోట మాట రాక, చెయ్యి పైకెత్తి సభకి చూపించాడు. అన్నీ అయ్యాక అవధాని గారు శాలువా పక్కన పెట్టి, ఎనిమిది మందినీ ఒక్కొక్కర్నీ పిలిచి, ప్రశ్న ఎలా తయారుచేశారో అడిగారు. చీకటి పడే వరకూ అలా అడుగుతూనే ఉన్నారు. పక్క హాస్టల్ నుంచి ఎవరో కొవ్వొత్తులు తెచ్చారు. తర్వాత అందరం తడుచుకుంటూ రత్నా కేఫ్‌కి వెళ్లాం. బిల్లు ఎవరు కట్టారన్నది అరక్కోణం చెప్పాలి.

నేను ఇప్పుడు చేస్తున్న పనికి పునాది ఆ వారాల్లోనే పడింది. పగలు బళ్లో తెలుగు చెబుతాను. సాయంత్రం మైలాపూరులో మా ఇంటికి సంగీతం నేర్చుకునే పిల్లలు సాహిత్యం కోసం వస్తారు. ఎక్కువమంది తమిళం తప్ప రాని వాళ్లు. తమిళ లిపిలో క ఖ గ ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం కదా, పక్కన చిన్న చిన్న అంకెలు వేసుకుని పాడుకుంటారు. అంకె చూస్తే అక్షరం పలుకుతుంది, మాట ఎక్కడ విరగాలో మాత్రం ఏ అంకే చెప్పదు. త్యాగయ్య కృతిలో ఊపిరి తీసుకునే చోటు తప్పితే భక్తుడి మొర కాస్తా ఇంకేదో అయిపోతుంది. అందుకని నేను ముందు రాగం జోలికి పోనివ్వను. కాగితం మీద మాటలు విరిపిస్తాను, సంధులు కలిపిస్తాను, ఆ తర్వాతే పాట. మాస్టారు ఇసుకలో మాకు చేయించినది అదే.

పోయిన మార్గళిలో, అంటే ధనుర్మాసంలో, నా దగ్గర చదువుకున్న అమ్మాయి ఒక పెద్ద సభలో మధ్యాహ్నం కచేరీ చేసింది. నా ముందు వరసలో ఒక పెద్దాయన పక్కాయనతో “ఈ పిల్ల తెలుగువాళ్ల అమ్మాయి కదూ” అన్నారు. తంజావూరు పిల్ల. నేను ఏమీ అనలేదు కానీ, ఇంటికొచ్చి మాస్టారికి ఫోన్ చేసి చెప్పాను. నెల్లూరులో ఉంటున్నారు, చూపు తగ్గింది, చెవి మాత్రం చెక్కుచెదరలేదు. “ఏ కృతి? ఎక్కడ విరిచింది?” అని అడిగి, ఫోన్‌లోనే పాడించుకున్నారు నాచేత.

తక్కినవాళ్లూ తక్కువేం కాదు. తాళపత్రం నిజంగానే తాళపత్రాల్లోకే వెళ్లాడు. మనం చదివేటప్పుడు ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారం మన క్యాంపస్‌లోనే ఉండేది, నిమ్మగడ్డి నూనె వాసన మెట్ల మీదికే వచ్చేది, బ్రౌన్ దొర రాయించిన ప్రతుల్ని మాస్టారు మనకి చేతులు కడుక్కుని రమ్మని మరీ చూపించారు. ఇప్పుడది కోట్టూర్‌పురంలో అన్నా శతజయంతి గ్రంథాలయంలో ఉంది. ఉదయం సదస్సుకి వీడే ముఖ్యుడు. మౌనస్వామి రోజుకి ఆరు గంటలు పాఠం చెప్పి బతుకుతున్నాడంటే మన బ్యాచ్ తప్ప ఎవరూ ఆశ్చర్యపోరు.

ఇక అసలు విషయం. గూడూరు పంపిన చిట్టాలో అవధానం పృచ్ఛకుల పేర్లు చూశాను. ఎనిమిదికి ఎనిమిదీ మనవే. నా పేరు దత్తపది పక్కనే ఉంది. చాలా సంతోషం, ఆ కుర్చీ మీద నాకెంత ఇష్టమో మీకు తెలుసు. కానీ ఈ చిట్టా మార్చాలి. మాస్టారు వస్తున్నారు. ఆయన్ని ముందు వరసలో కూర్చోబెట్టి, పృచ్ఛకుల వరసలో నెరిసిన తలలు మాత్రమే చూపిస్తే, ఆనాడు ఆయన మడిచి జేబులో పెట్టుకున్న కాగితాన్ని మనమే మళ్లీ తీసి చదివినట్టవుతుంది.

ఇప్పుడు శాఖలో చదువుతున్న పిల్లలకి మనకంటే ఎక్కువ అవసరం ఉంది. 2006లో తమిళనాడు బళ్లలో తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చాక మా హోసూరు వైపు బళ్లలో తెలుగు బెంచీలు ఎలా ఖాళీ అవుతూ వచ్చాయో నేను కళ్లారా చూశాను. తమిళం నేర్చుకోవద్దని ఎవరూ అనరు, నేనూ అనను. కానీ బడిలో తెలుగు అంతంతమాత్రంగా చదివి, అయినా ఇష్టం చావక ఎమ్మేలో చేరిన పిల్లలు వీళ్లు. వీళ్లని ప్రేక్షకుల్లో కూర్చోబెట్టి, దండలు అందించమని, కుర్చీలు సర్దమని చెబితే ఏం నేర్చుకుంటారు? కుర్చీలు మనం సర్దుదాం. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు భోజనాల దగ్గర కూర్చోండి.

గూడూరు ఒప్పుకున్నాడు. అవధాని గారితో మాట్లాడాడు, ఆయనకీ అభ్యంతరం లేదు. శనివారం సాయంత్రాలు నేనూ కుప్పం పెద్దదీ క్యాంపస్‌కి వెళ్తున్నాం, వీలున్నవాళ్లు రండి. నిషిద్ధాక్షరికి తాళపత్రం రావాల్సిందే, తప్పించుకోవడానికి లేదు. పిల్లలు పద్యం తడుముకుంటున్నారు, గణాల దగ్గర ఆగుతున్నారు, కానీ సిగ్గుపడటం మానేశారు. దత్తపది పట్టుకున్న అమ్మాయిది గుమ్మిడిపూండి. మెట్రో స్టేషన్ల పేర్లు ఇస్తానంటోంది: ఆలందూరు, అశోక్ నగరు, ఎగ్మూరు, కోయంబేడు. ఆఖరిది ఏ అవధానికీ లొంగదమ్మా, దారి లేని మాట ఇవ్వకూడదు అన్నాను. పోయిన శనివారం నోట్సు తెచ్చి చూపించింది. “కోయన్ దగ్గర విరుగుతుంది మేడమ్, ద్రుతం బిందువైతే కోయం. బేడు సంగతి వచ్చే వారం చెబుతాను.”